చెయ్యిచ్చిన రోజు

పోయినవారం ఈ శీర్షికలో మిమ్మల్ని శ్మశానం ఎదుటి హోటల్ హాల్లో, చల్లారిపోయిన కాఫీ ముందు కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. మా ఆయన లోటార్‌ను ఆ ఉదయమే పూడ్చి వచ్చాం. మా వైపు చావు తరవాత అందరూ కలిసి కాఫీ తాగి, పైన తీపి పొడి చల్లిన స్ట్రాయ్‌సెల్ కేకు తిని, పోయినవాడి గురించి నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పుకుని లేస్తారు. వెళ్ళేముందు భార్య చెయ్యి పట్టుకుంటారు. నేను గుమ్మం పక్కన నిలబడి చెయ్యి చాపుతూ ఉన్నాను. ఎవరిదో ఒక చెయ్యి వచ్చేది, పోయేది. ఏ చేతి బరువూ నాకు తెలియలేదు.

వాటిలో ఎగోన్ పీట్‌జాక్ చెయ్యి ఒకటి. నేనున్న నగర కౌన్సిల్లో ఎగోన్ అవతలి పార్టీ మనిషి. జీవితమంతా బేకరీ నడిపాడు, మిగిలిన సమయంలో నాతో పోట్లాడాడు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని సంతాపం చెప్పాడు. చెప్పాక వదల్లేదు. వంగి, నాకొక్కదానికే వినబడేలా, "గురువారం సభకు రాకు గుడ్రున్. నేనూ బయటికెళ్ళిపోతా. జత కడదాం" అన్నాడు. అక్కడ ఆపాను పోయినవారం. నేనేమన్నానని కొందరు అడిగారు. నేనేమీ అనలేదు.

జత అంటే మా కౌన్సిల్లో పాత మర్యాద. ఒక పక్క సభ్యుడికి జబ్బు చేసినా, ఇంట్లో చావు జరిగినా, అవతలి పక్క నుంచి ఒకరు ఓటు వేళకు లేచి బయటికి వెళ్ళిపోతారు. ఒకరి దుఃఖం వల్ల ఇంకొకరు గెలవకూడదని దాని అర్థం. కాగితం ఉండదు, సంతకం ఉండదు. చేతిలో చెయ్యి వేస్తే అయిపోయినట్టే. బొగ్గు గనుల ఊళ్ళు ఇవి. ఒకప్పుడు కిందికి దిగేముందు కూర్చుని కాగితాలు రాసుకునే తీరిక ఎవరికీ లేదు. గనులు మూతపడ్డా ఈ అలవాటు మాత్రం పోలేదు.

గురువారం పొద్దున నేను గుడ్లు ఉడకబెడుతుండగా ఆన్స్‌గర్ వచ్చాడు. కౌన్సిల్లో మా పార్టీ సభ్యులకు నాయకుడు. నాకన్నా బాగా చిన్నవాడు, అయినా నువ్వు అంటాడు. మా పార్టీలో అందరం అందరినీ నువ్వే అంటాం, అంతమాత్రాన సమానత్వం వచ్చేస్తుందని మా నమ్మకం. గిన్నెలో రెండు గుడ్లున్నాయి. ఒకటి లోటార్‌ది. చెయ్యి అలవాటుగా వేసేసింది. దాన్ని చూస్తే ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. రాలేదు. ఆ గుడ్డు తీసి ఆన్స్‌గర్‌కి పెట్టాను. ఎవరిదని అడక్కుండా తినేశాడు.

నిద్ర పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాను. నిజమే, మొద్దులా పడుకుంటున్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక క్షణం ఆలస్యంగా వినబడుతోంది, అంతే. చెవులకూ నాకూ మధ్య ఎవరో మందపాటి దుప్పటి కట్టినట్టుంది.

తరవాత అసలు సంగతి ఎత్తాడు. ఇవాళ్టి ఓటుకు బెయాటె చెయ్యెత్తదట. బెయాటె మా పార్టీయే, నగరం నడిబొడ్డు వార్డు ఆమెది. మెట్రో సొరంగం తవ్వితే ఆమె వీధి ఏళ్ళ తరబడి గొయ్యిగా ఉంటుంది. దుకాణాలవాళ్ళు ఆమె ఇంటికెళ్ళి మరీ నిలదీశారు. "వ్యతిరేకంగానూ ఎత్తదట. ఊరికే కూర్చుంటానంది. రాత్రంతా బతిమాలా" అన్నాడు ఆన్స్‌గర్.

ఈ గొడవంతా దేనికో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. మాది నోర్డ్‌హాల్డె, ఊరికి ఉత్తరాన, పాత గనుల అవతల. లోటార్ కుర్రవాడిగా ఉన్న రోజుల్లో, డబ్బు బాగా పారుతున్న కాలంలో, మా బార్బరా కూడలి కింద ఒక మెట్రో స్టేషన్ కట్టారు. లైను తరవాత వేద్దామని, స్టేషన్ ముందు కట్టేశారు. రేపటికి పనికొస్తుందని ఇవాళే కట్టిపెట్టుకోవడం మావాళ్ళకు పెద్ద గొప్ప. ఈలోగా డబ్బు పారడం ఆగింది. లైను రాలేదు. మెట్లకు ఇనప జాలీ వేశారు. లోపల ప్లాట్‌ఫారం ఉంది, పట్టాలు లేవు. ఆ కాంక్రీటు పోసినవాళ్ళలో లోటార్ ఒకడు.

ఆ స్టేషన్‌కు లైను తేవాలని నేను కౌన్సిల్లో అడుగుపెట్టాను. అదొక్కటే నా పని. పైనున్న ప్రభుత్వాలు ఖర్చులో చాలావరకు ఇస్తాయి, కానీ ముందు ఒక లెక్క అడుగుతాయి. పెట్టే ప్రతి యూరోకు జనానికి కనీసం ఒక యూరో మేలు జరగాలి. ఒకటి దాటితే డబ్బు, దాటకపోతే నమస్కారం. మా లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకటికి దిగువనే ఆగేది. చివరికి, కట్టి ఉన్న స్టేషన్‌ను మళ్ళీ కట్టక్కర్లేదు కదా అని దాన్ని కలిపితే, వెంట్రుకవాసిలో దాటింది. నగరం తన వాటా, ఆ పైన ముప్పై ఏళ్ళ నిర్వహణ ఖర్చు భరిస్తానని కౌన్సిల్లో తీర్మానం చేస్తే చాలు. ఈ ఏడాదికి ఇదే ఆఖరి సభ. ఇవాళ తప్పితే కొత్త ధరలతో లెక్క మళ్ళీ మొదలు, ఈసారి దాటదని అందరికీ తెలుసు.

ఆన్స్‌గర్ నా చక్కెర బిళ్ళల డబ్బా దగ్గరికి లాక్కుని, టేబుల్ గుడ్డ మీద రెండు వరుసలు పేర్చాడు.

"ఇది మనం, ఇది వాళ్ళు. మనకి ఒకటి ఎక్కువ." రెండు వరుసల్లోంచీ ఒక్కో బిళ్ళ తీసి పక్కన పెట్టాడు. "నువ్వూ ఎగోనూ. జత సంగతి ఆయన అందరికీ చెప్పాడు, ఇద్దరూ బయటే. ఇప్పటికీ మనదే పైచెయ్యి." మా వరుసలోంచి ఇంకొకటి తీసి తన కాఫీలో వేసుకున్నాడు. "ఇది బెయాటె."

రెండు వరుసలూ సమానమయ్యాయి. సమానమైతే తీర్మానం ఓడినట్టే, అది మా సభ నియమం. అతను నా బిళ్ళ తీసి మళ్ళీ వరుసలో పెట్టాడు.

నేను సాసర్ పక్కనున్న ఒంటరి బిళ్ళను చూపించాను. "ఇతనో?"

"బయటే ఉంటాడుగా."

"జత కట్టాడు కనక."

"ఆయన కట్టాడు. నువ్వు కట్టావా?" ఈ మాట దారిలో తయారుచేసుకుని వచ్చినట్టున్నాడు. "ఆ రోజు నీ చెయ్యి పట్టుకోనిదెవరు గుడ్రున్? నేనూ పట్టుకున్నా. నాకేమన్నా మాటిచ్చావా? నువ్వు ఆయనతో ఏమన్నావు?"

"గుర్తులేదు" అన్నాను.

"అసలేమైనా అన్నావా?"

"ఏమీ అనలేదనుకుంటా."

అతని ముఖం తేటపడింది. పలకరింపుకు చెయ్యిస్తే ఒప్పందమెలా అవుతుందని, ఎగోన్ పెద్దవాడైపోయాడని, పాపం తప్పుగా అర్థం చేసుకున్నాడని చెప్పుకుపోయాడు. దుర్మార్గుడు కాదు ఆన్స్‌గర్. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్రపోలేదు, చొక్కా గుండీలు తేడాగా పెట్టుకున్నాడు. అతనికి ఆ లైను కావాలి, నాకెంత కావాలో అంతా కావాలి.

"అయితే ఎగోన్‌కి ఫోన్ చేసి చెప్పేద్దాం, నేను జత కట్టలేదని."

అతను చెంచాతో కాఫీ తిప్పాడు. "చెప్తే వచ్చి కూర్చుంటాడు."

"అవును."

"అప్పుడు మళ్ళీ సమానం."

"అవును."

అతను చెంచా సాసర్‌లో పెట్టాడు. ఆ తరవాత అతను లోటార్ పేరు ఎత్తాడు. ఎత్తుతాడని నాకు తెలుసు. ఏటా ఒక ఆదివారం నగరపాలక సంస్థ ఆ జాలీ తీసి జనాన్ని కిందికి రానిస్తుంది. లోటార్ శుభ్రమైన చొక్కా వేసుకుని దిగేవాడు. ప్లాట్‌ఫారం అంచున నిలబడి, సొరంగంలోకి తొంగిచూసి, గడియారం చూసుకుని, "ఇవాళ కూడా లేటే" అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ అందరూ నవ్వేవారు. ఆన్స్‌గర్ దాన్ని గుర్తుచేసి, లోటార్ ఉంటే ఏమనేవాడో ఆలోచించమన్నాడు. నేను ఆలోచించాను. ఏమీ తట్టలేదు. నాకు నొప్పి కలిగించాల్సిన చోటనే అతను సరిగ్గా నొక్కాడు, నాకు నొప్పి తెలియలేదు. దానికి మాత్రం కొంచెం భయమేసింది.

ఎగోన్ బయటికి వెళ్ళేదాకా ఆగి, ఆ తరవాత లోపలికి రమ్మన్నాడు ఆన్స్‌గర్. వస్తానని చెప్పానో లేదో నాకు తెలియదు. అతను వెళ్ళాక చూస్తే నల్లకోటు వేసుకుని ఉన్నాను.

బస్సులో వెళ్ళాను. నోర్డ్‌హాల్డె నుంచి ఊళ్ళోకి వెళ్ళాలంటే బస్సే గతి. గూడ్సు బండి కోసం ఎప్పటిలాగే గేటు దగ్గర ఆగిపోయాం. ఆసుపత్రిలో వంట చేసే మా వీధి ఆవిడ పక్కన కూర్చుంది. లోటార్ గురించి రెండు మాటలన్నాక, ఇవాళే కదా ఓటు అంది. అవునన్నాను. ఆమె గేటు వైపు చూసి, ఈ గేటు దగ్గర తను ఆగిన సమయమంతా కలిపితే ఇంకో పిల్లని కని పెంచేదాన్నంది. బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వుండాలి, ఆమె నా చెయ్యి తట్టింది.

మా టౌన్ హాల్లో తలుపుల్లేని పాత లిఫ్టు ఉంది. చెక్క పెట్టెలు గొలుసులా ఆగకుండా తిరుగుతుంటాయి, ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి. ఎక్కేవాళ్ళు అడుగు చూసుకుని ఎక్కాలి. అది ఎవరి కోసమూ ఆగదు. ప్రమాదమని తీసేయబోతే, దాని కోసం ఊళ్ళో మెట్రోకన్నా ఎక్కువ మంది సంతకాలు పెట్టారు. నేను పైకెళ్ళే పెట్టెలో అడుగు పెట్టాను. సభ పై అంతస్తులో. మా అంశం మొదలైందని లౌడ్‌స్పీకర్ చెప్తోంది.

రెండో అంతస్తు దాటుతుండగా ఎదుటి వరసలో ఒక పెట్టె కిందికి దిగుతోంది. ముందు బూట్లు కనిపించాయి, తరవాత ఊదారంగు కోటు, తరవాత ఎగోన్ ముఖం. టోపీ చేతిలో పట్టుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం సభలోంచి లేచి, ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం దుకాణంలో కాఫీ తాగడానికి వెళ్తున్నాడు.

నన్ను చూశాడు. మొదట పలకరించబోయాడు, నేను ఏడ్చానేమోనని చూసే చూపు. అంతలో నేను ఏ వైపు వెళ్తున్నానో అతనికి అర్థమైంది. మా ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి.

"చెయ్యిచ్చావు కదా గుడ్రున్" అన్నాడు నెమ్మదిగా. "నా చెయ్యి నొక్కావు."

ఆ మాటను ఎలా తీసుకోవాలో అతను నాకే వదిలేశాడు. అతని పెట్టె దిగిపోయింది. చివరికి అతని తల కూడా నేల కిందికి పోయింది.

నొక్కాను. ఆన్స్‌గర్‌తో గుర్తులేదన్నాను కానీ, నాకు గుర్తుంది. ఆ రోజు వచ్చిన చేతులన్నిటిలోకీ అది వెచ్చగా ఉంది, జీవితమంతా పొయ్యి దగ్గర పనిచేసిన చెయ్యి. జత కడదాం అన్నప్పుడు నేను విన్నాను. పూర్తిగా విన్నాను. ఇంట్లో కూర్చోవచ్చు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనిపించి, బతికిపోయాను అనుకుని నొక్కాను. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పిన ప్రతిదానికీ కాదన్న మనిషి ఆ రోజు నాకు చేసిన మేలు అది. అప్పటికి బెయాటె సంగతి ఎవరికీ తెలియదు. ఎగోన్ తన పక్షం ఓడిపోతుందని తెలిసే జత కట్టాడు.

లైను వద్దని అతను చెప్పేదీ అబద్ధం కాదు. గనులు మూసేసినా మేం కింద నీళ్ళు తోడుతూనే ఉన్నాం, ఊరు ఉన్నంతకాలం తోడాలి, ఆపితే మునిగిపోతాం. ఎగోన్ ప్రతి సభలో అదే అనేవాడు. "ఒక కన్నానికి డబ్బు కట్టలేక చస్తున్నాం, ఇంకో కన్నమా? తవ్వడానికి పైవాళ్ళిస్తారు. లిఫ్టులకీ పంపులకీ మన మనవలు కడతారు." నేను లేచి, ఆ మనవలు బస్సులో గేటు దగ్గర కూర్చుని ముసలివాళ్ళవుతారనేదాన్ని. అందరూ బల్లలు చరిచేవారు. ఆ తరవాత ఎగోన్ నాకు బేకరీ రొట్టె ఒకటి సంచిలో వేసి ఇచ్చేవాడు, చల్లారకముందే లోటార్‌కి పెట్టమని.

పై అంతస్తు రాగానే దిగాను. సభలోకి అడుగుపెట్టాను. ఆన్స్‌గర్ కళ్ళెత్తి చూసి వెంటనే దించుకున్నాడు. బెయాటె ఫోనులో ఏదో వెతుకుతున్నట్టు కూర్చుంది. అవతలి పక్క గుసగుసలు లేచాయి. ఎవరో గొంతు తగ్గించకుండానే, జత ఏమైందని అడిగారు. నేను ఆఖరి వరుసలో నా కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఎగోన్ కుర్చీ ఖాళీగా ఉంది, దాని వీపు మీద అతని మఫ్లర్ వేలాడుతోంది. మళ్ళీ వచ్చి తీసుకుంటాననుకుని వదిలాడు.

మేయర్ టేలెన్ గారు నా వైపు చూసి తల వంచారు, సంతాపంగా. తీర్మానం చదివారు. బార్బరా కూడలి పేరు వచ్చినప్పుడు నాకేమైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాను. లేదు.

"అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ఎత్తాను. నేను ఎత్తలేదు అనడానికి లేదు. నా భుజం, నా మోచెయ్యి, నా చెయ్యి.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. తిరిగి చూడకుండానే తెలిసింది, ఆ దగ్గు నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. కింద దిగి, అవతలి పెట్టె ఎక్కి, మళ్ళీ పైకొచ్చాడు. ఆయాసపడుతున్నాడు. అవతలి పక్క ఊపిరి పీల్చుకున్నారు. ఇద్దరు అతని కుర్చీ దారిలోంచి కాళ్ళు తీసి చోటిచ్చారు. అతను వచ్చి కూర్చుంటే సమానం. లైను పోతుంది, మాట తప్పిందన్న పేరు మాత్రం నాకు మిగులుతుంది.

ఎగోన్ గుమ్మంలోనే నిలబడ్డాడు. మేయర్ గారు చెయ్యెత్తి కార్యదర్శిని ఆపారు.

"పీట్‌జాక్ గారూ, మీరు లోపలున్నట్టా, బయటున్నట్టా? నేను రాయించాలి."

అతను నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు సులువుగా ఉండేది. నా ముఖంలో ఏదో వెతికి, అది దొరకలేదన్నట్టు టోపీ తల మీద పెట్టుకున్నాడు.

"బయటే ఉన్నానండీ" అన్నాడు. "నేను చెయ్యిచ్చాను."

ఒక అడుగు వెనక్కి వేశాడు. తలుపు మాత్రం మూయలేదు. నడవా వెలుతురులో టోపీతో అలాగే నిలబడ్డాడు, బస్సు కోసం నిలబడినట్టు.

మేయర్ గారు తల ఊపారు. కార్యదర్శి పెన్సిల్ పట్టుకుని ముందు వరుస నుంచి చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ. ఆన్స్‌గర్ చెయ్యి నిటారుగా ఉంది. ఒక్క ఓటుతో గెలిచినట్టే, ఆ ఒక్కటీ నాది.

నా చెయ్యి బరువెక్కింది. ముందు వేళ్ళు, తరవాత మణికట్టు. లోటార్ పోయాక నా ఒంట్లో ఏదైనా బరువు తెలియడం అదే మొదలు. ఆ బరువుతో పాటే, దుప్పటి అవతలి నుంచి, అన్నీ ఒకేసారి రావడం మొదలుపెట్టాయి: గిన్నెలో రెండో గుడ్డు, సంచిలో వేడి రొట్టె, ప్లాట్‌ఫారం అంచున శుభ్రమైన చొక్కాలో లోటార్, గడియారం చూసుకుంటూ. కళ్ళు మసకబారాయి. ఈ సభలో, ఇందరి ముందు, ఇప్పుడా రావడం అనుకున్నాను.

కార్యదర్శి మా వరుస దగ్గరికి వచ్చాడు. పక్కనున్నవాళ్ళను దాటి, పెన్సిల్ నా చేతి వైపు తిప్పాడు. ఇంకా అంకె పలకలేదు.

"ఆగండి" అన్నాను. చెయ్యి ఇంకా పైనే ఉంది.